బాబాకి సీమంతం

భిలాయిలో ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబితే ఎవరైనా ముందుగా అడిగేది, “ఏ ఫర్నేస్‌లో అండీ?” అని. “తోటలో” అంటాను. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు. ఉక్కు ఊళ్లో తోటపని ఏమిటని అనుమానం. కానీ కార్ఖానా అన్నాక చుట్టూ పచ్చదనం చూపించాలి. అలా చూపించడమే నా ఉద్యోగం. పెద్ద ప్లాంటు చుట్టూ పుట్టుకొచ్చిన చిన్న కార్ఖానాల్లో ఒకదాంట్లో, ఇనుము పోతపోసే చోట, నేను గార్డెన్ సూపర్‌వైజర్ని. బోటనీ చదివి, పెళ్లయ్యి, శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి, ఆ ఒక్క కార్ఖానాలోనే జుట్టు నెరిసేదాకా ఉన్నాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు ఇప్పటికీ సలహాలు అడుగుతుంటారు. నా దగ్గరున్న సలహా ఒక్కటే. మీ ఆఫీసుకి కొత్త వస్తువేదైనా వస్తే, ముందు దాని పేరు అందరి చేతా సరిగ్గా పలికించండి. మేం పలికించలేదు. అందువల్ల ఏం జరిగిందో వినండి.

మా యజమాని విజయనగరం వైపు మనిషి. కుర్రతనంలో ప్లాంటులో కాంట్రాక్టు పనులకి వచ్చి, నెమ్మదిగా సొంత కార్ఖానా పెట్టాడు. గొంతు పెద్దది, తల నున్నగా ఉంటుంది, కోపం వస్తే ఆ తల ముందు ఎర్రబడుతుంది. ఆయన భార్యని అందరం మేడమ్ అనేవాళ్లం. పిల్లలు పెద్దవాళ్లయిపోయి ఆవిడకి తోచక, ఏదో ఒక వ్యాపారం పెట్టాలని తహతహలాడేది. పచ్చళ్లు అయ్యాయి, బ్లౌజుల ఎంబ్రాయిడరీ అయింది. ఒకరోజు షాంపూ సీసా పట్టుకుని నా గదికి వచ్చింది.

“ఇదేటో సదువమ్మా,” అంది.

సీసా మీద చిన్న అక్షరాల్లో జొజోబా ఆయిల్ అని ఉంది. నేను చదువుకునే రోజుల్లో పాఠంలో ఒక పేరాగా చూసిందే తప్ప, ఆ మొక్కని కళ్లతో చూసినదాన్ని కాదు. ఎడారి పొద అనీ, గింజల్లోంచి తీసిన నూనె మొహానికీ జుట్టుకీ రాసుకునే సరుకుల్లో వాడతారనీ, రాజస్థాన్‌లో పెంచుతున్నారనీ చెప్పాను.

“మరి మన వెనకాల జాగా అంతా ఎడారే కదేటి!” అంది మేడమ్.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కార్ఖానా వెనక సగం నల్లరేగడి, సగం ఇనుప చిట్టెం పోసిన దిబ్బ. మేం స్లాగ్ అంటాం. దాని మీద తుమ్మ కూడా ఆలోచించి మొలిచేది. ఆ జాగాలో లారీలు నిలిపే స్థలం చేయాలని యజమాని ఎప్పట్నుంచో చూస్తున్నాడు. అదే జరిగితే తోట సెక్షనే ఉండదు. నన్నంటే ఏ గేట్‌పాసుల దగ్గరో కూర్చోబెడతారు. తోటపని చేసే ఆడవాళ్లకి మాత్రం ఇంటిదారే.

భార్యాభర్తలు నా ముందే బేరమాడుకున్నారు. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. “సరే, నాటండి. కాయ కాసిందా, మీ జాగా మీకే. కాయలేదా, జేసీబీ వచ్చీస్తాది. తర్వాత ఏడిసినా ఇననంతే.”

మొక్కలు రాజస్థాన్ నుంచి రైల్లో పక్క ఊరు దుర్గ్‌కి వచ్చాయి. విడిపించుకోవడానికి నేనూ మా స్టోర్‌కీపరూ వెళ్లాం. స్టోర్‌కీపర్ అమ్మానాన్నలు మావైపు వాళ్లే. కానీ ఈ అబ్బాయి భిలాయిలోనే పుట్టాడు. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం హిందీలో తేలేది. గంభీరంగా మొహం పెట్టి వేళాకోళం చేయడం అతని జబ్బు. పార్సిల్ ఆఫీసు గుమాస్తా చీటీ చూసి, కళ్లద్దాలు సర్దుకుని, “జోజో... బా... బా? యే కౌన్ బాబా హై?” అన్నాడు.

మా వాడు తడుముకోలేదు. “రాజస్థాన్ కే బాబా హై, సాబ్. బహుత్ పహుంచే హుయే.”

అంటే చాలా మహిమ గలవాడని. గుమాస్తా చీటీని కళ్లకద్దుకుని మరీ ఇచ్చాడు. సుపేలా బజారు మీదుగా తెచ్చిన ఆటోవాడు మొక్కల పెట్టె మీద కాళ్లు పెట్టొద్దని నన్నే కసిరాడు. గేటు దగ్గర దించుతుంటే వాచ్‌మన్ చెప్పులు విప్పాడు. నేను నవ్వాను. అప్పుడు ఇంకా నవ్వు వచ్చేది.

తోటలో నా కుడిభుజం ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ. మాలిన్, అంటే తోటమాలి, అనే పిలిచేవాళ్లం. నాకంటే కొంచెం పెద్దది, సన్నగా, చేతులు మాత్రం పారల్లా ఉండేవి. నేను అందరికీ దీదీని, ఆవిడకి కూడా. ఈ మొక్కలకి నీళ్లు బహు తక్కువ పొయ్యాలనీ, ఎక్కువైతే వేరు కుళ్లి చస్తాయనీ ఆవిడకి చెప్పాను. తలూపింది. అయినా మొక్కలు పసుపెక్కుతున్నాయి. ఒక ఉదయం త్వరగా వెళ్లి చూస్తే, పైపు పట్టుకుని ఒక్కొక్కదానికీ బకెట్లకొద్దీ పోస్తోంది.

“ఏమిటిది!” అని అరిచాను.

“రేగిస్తాన్ లే ఆయ్ హే దీదీ,” అంది, పైపు ఆపకుండానే. “పియాస్ లాగత్ హోహీ.”

ఎడారి నుంచి వచ్చాయి పాపం, దాహంగా ఉండదూ? పాఠంలో ఉన్నదంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, నన్ను ఒక రాతిగుండె మనిషిగా చూసి, పైపు కట్టేసింది. కానీ ఆ ప్రేమలో కొన్ని పోయాయి. వాన పడ్డాక నల్లరేగడిలో ఉన్నవి నీళ్లలో నిలబడి కుళ్లిపోయాయి. భిలాయి వానంటే మీకు తెలుసుగా, ఎడారి మొక్కకి అది జలసమాధే.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి గోడ పక్కన, బక్కచిక్కి, ఎవరి కంటా పడకుండా బతికింది. రెండోది చిట్టెం దిబ్బ మీద, లారీలు తిరిగే మలుపులో. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లు పొయ్యడానికి దిబ్బ ఎక్కాలంటే మాలిన్‌కి మోకాళ్ల నొప్పి. పట్టించుకోనందుకే కాబోలు, అది బూడిదరంగు పచ్చ ఆకులు వేసి, గుబురుగా, నిండుగా, పీఠమేసుకుని కూర్చున్నట్టు పెరిగింది.

అదే బాబా అయింది.

ఎలాగయింది అంటే ఒక రోజని చెప్పలేను. సరుకు నింపుకున్న లారీ ఒకటి వాన బురదలో జారి, దిబ్బ మీదికి ఎగబాకి, సరిగ్గా ఆ పొద ముందు ఆగింది. ఇంకొంచెం వెళ్తే గోడా, గోడవతల క్యాంటీనూ. డ్రైవర్ దిగి, ఇదేం చెట్టని అడిగాడు. అడిగింది మా స్టోర్‌కీపర్నే. వాడేం చెప్పి ఉంటాడో మీరే ఊహించుకోండి. మర్నాటికి పొద కొమ్మకి ఎర్ర దారం. ఆ తర్వాత అగరబత్తి. ఆ తర్వాత కొబ్బరికాయ. ఎవరో చిట్టెం గడ్డలు ఏరి చుట్టూ గట్టు కట్టారు, దానికి సున్నం కొట్టారు. లోడుతో బయల్దేరే ప్రతి లారీ అక్కడ ఆగేది. డ్రైవరు దిగి, దండం పెట్టుకుని, పనిలో పనిగా టైర్లు చూసుకుని, తాళ్లు బిగించుకుని వెళ్లేవాడు. దాంతో దారిలో ప్రమాదాలు తగ్గాయి. ఆ పేరు కూడా బాబాకే వెళ్లింది.

నేను స్టోర్‌కీపర్ని పట్టుకుని నిలదీశాను. “నువ్వు మొదలుపెట్టావు, నువ్వే చెప్పు అది షాంపూలో వేసే మొక్క అని.”

“చెప్పాను దీదీ,” అన్నాడు, నిజంగానే బెంగగా. “కోయీ నహీ మాన్‌తా, ఎవరూ నమ్మట్లేదు. నువ్వు బాబాని నమ్మవా అని నన్నే మార్‌నే ఆయే, కొట్టబోయారు. ఇప్పుడు నేను కూడా దండం పెట్టుకునే లోపలికి వస్తున్నా. లేకపోతే టీ ఇవ్వట్లేదు క్యాంటీన్లో.”

ఇదంతా జరుగుతుండగా కాయ సంగతి అలాగే ఉంది. యజమాని తోటకి వచ్చినప్పుడల్లా ఆకులు ఎత్తి చూసి, “ఏటమ్మా, మీ బాబా ఏటీ ఇవ్వడా?” అని వెళ్లిపోయేవాడు. మేడమ్ ఓపిక తగ్గి యోగా క్లాసుల్లో చేరింది. ఒక చలికాలం రెండు పొదలూ పూశాయి. గోడ పక్కన బక్కదానికి పసుపుపచ్చ గుత్తులు, తాకితే దుమ్ములా పుప్పొడి. దిబ్బ మీద దానికి ఒంటి పూలు, లేత ఆకుపచ్చవి, తలదించుకుని. దగ్గరికెళ్లి చూసి, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

బొప్పాయిలో లాగే జొజోబాలోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఇది నాకు తెలుసు. కానీ చిన్నప్పుడు ఏది ఏదో ఎవరికీ తెలియదు, పూస్తేనే తెలుస్తుంది. గోడ పక్కన ఉన్నది మగది. బాబా ఆడది.

ఈ సంగతి ముందు స్టోర్‌కీపర్‌కి చెప్పాను. వాడు లేచి తలుపు వేసి వచ్చాడు. “దీదీ, యే బాత్ బయటికి పోతే లఫడా అయిపోద్ది. డ్రైవర్లు మనల్ని కొడతారు.”

“కాయలు వస్తాయి కదరా, అప్పుడు తెలియదా?”

“వచ్చినప్పుడు చూద్దాం. తబ్ తక్, అప్పటిదాకా, బాబా బాబానే.”

కాయలు వచ్చాయి. గాలి తన పని తాను చేసింది. సన్నటి పచ్చటి కాయలు, ఒక్కొక్కటి చిటికెన వేలి కొసంత. ముందు చూసింది మాలిన్. నా దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, చెవిలో చెప్పింది: “దీదీ, బాబా కే పాఁవ్ భారీ హే.”

పాదాలు బరువెక్కాయంటే ఇక్కడ నెల తప్పిందని అర్థం. నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు. ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది అంది. నేను చెప్పలేదు. అదే మా కొంప ముంచబోయింది. కాయ కాసిందని యజమానికి ఆ రోజే చెప్పి ఉంటే అయిపోయేది. ఆయన ఊళ్లో లేడు. ఫోన్లో ఈ ముక్క ఎలా చెప్పాలో నాకు తోచలేదు. ‘బాబాకి కాయలు పట్టాయి సార్’ అని ఎలా అంటాం?

ఆయన తిరిగొచ్చిన ఉదయమే, నా మొహం చూడకముందే, ఇంక కాయదని ఆయన పిలిపించిన జేసీబీ లోపలికి వచ్చింది.

నేను వెళ్లేసరికి కార్ఖానాలో సగం మంది దిబ్బ చుట్టూ ఉన్నారు. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపి, కిందికి దిగి, బూట్లు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాలిన్ పొద ముందు మఠం వేసుకుని కూర్చుంది, ఒళ్లో కొడవలి. డ్రైవరు చెవిలో గుట్టు అప్పటికే వేసేసిందట. యజమాని తల ఎర్రగా మెరుస్తోంది.

“ఎక్కరా బండి!” అన్నాడు డ్రైవర్ని.

“నై మాలిక్. జైల్ అయినా ఒప్పుకుంటా. గర్భిణి మీద చెయ్యి వెయ్యను.”

“గర్భిణా? ఎవుర్రా గర్భిణి?”

“బాబా.”

యజమాని నా వైపు తిరిగాడు. “సదువుకున్నదానివి. నువ్వు సెప్పు. ఈ బాబా ఏటి, కడుపేటి?”

ఉద్యోగంలో ఒక్కోసారి నిజం తప్ప వేరే దారి ఉండదు. గొంతు సవరించుకుని చెప్పాను. “సార్, ఇది ఆడ మొక్క. కాయ పట్టింది. ఇవిగో చూడండి.”

గుంపు వెనకనుంచి ఒక లారీ డ్రైవర్, మీసాలవాడు, ఏడుపు గొంతుతో అన్నాడు, “బాబా ఔరత్ హై? అరే, మా ఆవిడ మీద చాడీలన్నీ రోజూ ఇక్కడే చెప్పుకున్నా! మగాడు కదా, అర్థం చేసుకుంటాడని!”

“అందుకే నీ మాట వినలేదు,” అంది మాలిన్.

యజమాని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. వెటకారం తప్ప ఆయనకి ఇంకేం మిగల్లేదు. “సరే. కడుపే అనుకుందాం. మరి తండ్రెవుడు?”

నేను గోడ వైపు చూపించాను. “అదిగో సార్, ఆ బక్కది.”

అందరూ ఒక్కసారిగా తిరిగి దాన్ని చూశారు. పాపం, దానికి సగం ఆకులు లేవు. ఎవరో దాని మీద గుడ్డ పీలిక ఆరేసి ఉంచారు. “దేఖ్‌నే మే తో సీధా లగ్‌తా థా,” అన్నాడు జేసీబీ డ్రైవరు. చూడ్డానికి అమాయకుడిలాగే ఉన్నాడే అని. స్టోర్‌కీపర్ పరిగెత్తుకెళ్లి, ఆ గుడ్డ తీసేసి, కొమ్మ సర్ది వచ్చాడు. అప్పుడు నవ్వారు జనం. ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ. యజమాని నవ్వకూడదని పళ్లు బిగించాడు. ఆ నవ్వు ఆయన పొట్టలోకి దిగి, పొట్ట ఊగడం మొదలైంది.

ఆ ఊపులోనే మేడమ్ కారు వచ్చి ఆగింది. ఎవరు కబురు చేశారో నాకిప్పటికీ తెలియదు. యోగా బట్టల్లోనే దిగింది. గుంపుని తోసుకుని వచ్చి, కాయలని ఒక్కొక్కటీ వేలితో తాకి చూసింది. ఆవిడ కళ్లు నిండాయి. పచ్చళ్లప్పుడూ బ్లౌజులప్పుడూ ఆయన ఎంత నవ్వాడో మాకు తెలుసు.

“కాసింది కదండీ,” అంది భర్తతో, మెల్లగా.

“కాసిందే, కాసింది. ఎవరు కాదన్నారు?”

“మరి కడుపుతో ఉన్నదాని ముందు ఆ మిషనేటండీ? తీయించండి ముందు.” వెంటనే స్టోర్‌కీపర్ని పిలిచింది. “సుపేలా వెళ్లి పచ్చగాజులు పట్రా. పసుపూ, కుంకుమా, పూలూ. సీమంతం చేసేస్తాను.”

“ఏ సైజు గాజులు మేడమ్?” అన్నాడు వాడు, గంభీరంగా.

“కొమ్మకి పట్టేవి!”

మాలిన్ అప్పటికి లేచి కొడవలి పక్కన పడేసింది. మా దగ్గర కూడా ఉంది, సధౌరీ అంటాం, కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్లు రకరకాల పిండివంటలు తెచ్చి తినిపిస్తాం అంది. ఈమెకి పుట్టిల్లు రాజస్థాన్, అక్కడినుంచి ఎవరొస్తారు, కాబట్టి పుట్టింటివాళ్లం మేమే అంది. తోట ఆడవాళ్లు క్యాంటీన్లోకి దూరారు. మధ్యాహ్నం భోజనానికి పెట్టుకున్న బియ్యప్పిండీ బెల్లమూ అన్నీ తీసేశారు. వంటవాడు మొర పెట్టుకున్నాడు. ఎవరూ వినలేదు.

మేడమ్ పొదకి పసుపు రాసి, ఒక్కో కొమ్మకీ ఒక్కో గాజు తొడిగింది. ఎర్ర దారాల మధ్య పచ్చ గాజులు గలగలమన్నాయి. తెలుగువాళ్లం ఒక పాట ఎత్తుకుంటే, అటువైపు వాళ్లు ఛత్తీస్‌గఢీలో ఇంకొకటి ఎత్తుకున్నారు. రెండూ కలవలేదు. ఎవరూ ఆపనూ లేదు. మీసాల డ్రైవర్ గాజులకి దూరంగా నిలబడి, చెంపలు వేసుకుంటున్నాడు. యజమాని చేతికి హారతి పళ్లెం ఎలా వచ్చిందో మరి, ఆయన పట్టుకుని నిలబడ్డాడు.

“మరి లారీలెక్కడ పెట్టీమంటావు?” అని నన్ను గొంతు తగ్గించి అడిగాడు.

“గేటు బయట సార్. ప్రసవం అయ్యేదాకా.”

ఆ మాటకి ఆయన తలూపాడు. ఒప్పందం ఒప్పందమే. కాయ కాసింది. జేసీబీ వచ్చిన దారినే వెనక్కి పోయింది. డ్రైవరు ఒక అరిసె నోట్లో, ఇంకొకటి జేబులో వేసుకుని వెళ్లాడు.

పేరు విషయంలో తర్వాత పెద్ద గొడవే జరిగింది. అమ్మ అనాలని కొందరు, దేవి అనాలని కొందరు. మాలిన్ తేల్చేసింది: కడుపుతో ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోతుందా, బాబాగా చేరింది, బాబాగానే ఉంటుంది.

ఎండలు ముదిరాక కాయలు గోధుమరంగు తిరిగి, పగిలి, గింజలు రాలాయి. కాఫీగింజని కాస్త పెద్దది చేసినట్టు ఉంటాయి. మొత్తం ఏరితే రెండు దోసిళ్లు. సుపేలాలో నూనె మిల్లువాడు చూసి, గుప్పెడు గింజల కోసం మిషన్ ఎవడు కడుగుతాడు అన్నాడు. మేడమ్ మొహం వాడిపోయింది. మాలిన్ ఆ మూటని ఇంటికి పట్టుకెళ్లి, రోట్లో దంచి, వెచ్చబెట్టి, గుడ్డలో కట్టి పిండింది. ఆవిడ చేతుల బలం ముందు ఆ మిల్లేపాటి? పొద్దున్నే ఒక చిన్న సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. బంగారు రంగు. వాసన లేదు. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డూ లేదు.

అమ్మడానికి చాలదు. మేడమ్ కాసేపు సీసాని వెలుగులో తిప్పి చూసి, తోట ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టింది. చిట్టెంలో పనిచేసే చేతులు ఎలా ఉంటాయో చూశారా మీరు? పగుళ్లలో నలుపు దిగిపోయి, ఎన్ని సబ్బులు రాసినా పోదు. ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్క చుక్క వేసింది ఆవిడ. వాళ్లు రుద్దుకున్నారు. ఒకామె తన చేతిని తన చెంపకే ఆనించి చూసుకుంది. నా వంతుకి నేనూ చెయ్యి చాపాను.

నా వెనక ఇంకొక చెయ్యి చాచి ఉంది. చూస్తే యజమాని. వరసలో చివర, బుద్ధిగా.

మాలిన్ సీసా లాగేసుకుంది. “జచ్చా ఘర్ మ మరద్ మన్ కే కా కామ్?” పురిటి గదిలో మగాళ్లకేం పని అని.

ఆయన కార్ఖానాలో ఆయన్ని అలా అనగలిగినవాళ్లని నేను చూడలేదు. ఆయన చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మాలిన్‌కి జాలేసినట్టుంది. సీసాలో చుక్క లేదు. తన రెండు అరచేతులకీ అంటుకున్న నూనెని ఒకసారి చూసుకుని, ముందుకు వచ్చి, ఆ రెండు చేతులూ ఆయన నున్నటి తల మీద పెట్టి, చంటిపిల్లవాడికి తలంటినట్టు గుండ్రంగా రుద్దేసింది. ఆయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పటిలాగే ఆయనకి హెల్మెట్ అందించబోతే, “ఉండు భయ్యా, కాసేపు ఆరనీ,” అన్నాడు.